పోతన ‘జడిమ’, న్యూటన్ జడత్వం: ఇంతకీ రెండో పాదంలో మగఁడా, మగుడా?

జయనగర్: మా పక్కింటి పాప ఇక్కడే బెంగళూరులో తొమ్మిదో తరగతి. నిన్న జడత్వం పాఠం చెబుతుంటే అడ్డుపడింది. “జడం అంటే కదలనిది కదా మామయ్యా, బస్సు ఆగినప్పుడు ముందుకు తూలడాన్ని కూడా జడత్వమే అంటారెందుకు?” జవాబు వెదుక్కుంటుంటే పోతన గజేంద్రమోక్షంలో, చెప్పకుండా బయల్దేరిన విష్ణువును అడగాలా వద్దా అని లక్ష్మీదేవి పడే తడబాటు గుర్తొచ్చింది. ‘అడుగిడదు, జడిమ నడుగిడు నెడలన్’. జడిమ అంటే కదల్లేక మొద్దుబారడం. రెండో పాదమే చిక్కడం లేదు. ‘అడిగినఁ దను మగఁడు నుడువఁడని’ అనేనా?

మల్లేశ్వరం: మగఁడు కాదండీ, ‘మగుడ నుడుగఁడని’. తిరిగి పలకడు, బదులివ్వడు అని. నుడుగు అన్నా నుడువు అన్నా ఒకటే. మగఁడే అయితే ముందు ‘తన’ ఉండాలి, ‘తను’ కాదు.

వైట్‌ఫీల్డ్: ‘తను’ అంటే ‘తనను’ అనుకుంటే మగఁడూ కుదురుతాడు. సరే, మగుడే అనుకుందాం. మగుడన్ + ఉడుగఁడు అని విడదీయకూడదా? పాదం చివర ‘నడ యుడుగున్’ ఉంది. ఆయన ఉడగడు, ఈమె నడక ఉడుగుతుంది. ఎంత సొగసు!

మల్లేశ్వరం: సొగసే. కానీ మీ విరుపులో ‘వెనక్కి మళ్లడం మానడు’ అని అర్థం వస్తుంది. స్వామి అడుగడుక్కీ వెనక్కి మళ్లుతుంటే మడుగులో ఏనుగు గతి ఏమిటి?

రాజాజీనగర్: మీరంతా రెండో పాదం దగ్గరే ఆగిపోయారు. అసలు కీలకం మొదటి పాదంలో ఉంది, ‘కడువడిఁ జను’, ఆమె చాలా వడిగా వెళుతుంది అని. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దిశతో పనిలేనిది వడి, దిశ కూడా చెప్పాల్సినది వేగం. ఇక్కడి కన్నడ పుస్తకాల్లో వడిని ‘జవ’ అంటారు. కంఠీరవ స్టేడియంలో 400 మీటర్ల చుట్టు 80 సెకన్లలో తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తే సగటు వడి సెకనుకు 5 మీటర్లు, సగటు వేగం సున్నా. ఇప్పుడు కాస్త వెనక పద్యం చూడండి: ‘తన వేంచేయు పదంబుఁ బేర్కొనఁడు’. ఎటు వెళుతున్నాడో ఆయన చెప్పనే లేదు. దిశ తెలియని ఇల్లాలికి వడి తప్ప వేగం ఎక్కడిది? పోతన ఊరికే వేశాడా ఆ మాట!

మల్లేశ్వరం: అది సర్వలఘు కందం. రెండు, నాలుగు పాదాల చివరి గురువులు తప్ప అన్నీ లఘువులే, అంటే పొట్టి అక్షరాలే. ‘వేగం’లోని దీర్ఘం ‘వే’ పట్టడానికి చోటే లేదు.

రాజాజీనగర్: చోటు లేదు కాబట్టే ఆ పద్యం ఎంచుకున్నాడంటాను.

జయనగర్: పాప మళ్లీ వచ్చింది. ఉన్న స్థితిని తనంతట తాను మార్చుకోలేకపోవడమే జడత్వం, నిలిచినది నిలిచే ఉంటుంది, కదిలేది అదే వడితో అదే దిశలో సాగుతుంది, బ్రేకు పడ్డప్పుడు పాదాలు బస్సుతో ఆగాయి గాని ఒళ్లు ఆగలేదు అన్నాను. తల ఊపి, “మరి లక్ష్మీదేవి నడుస్తూ నడుస్తూ తనే ఆగిపోయిందిగా, అది జడత్వం ఎలా అవుతుంది?” అంటోంది. ఏమని చెప్పను?

మల్లేశ్వరం: అది సంచారి భావాల్లోని, అంటే రసాన్ని పోషిస్తూ వచ్చిపోయే మనోభావాల్లోని జడత. ఆ జాబితా తీసేది అలంకారికులు, న్యూటన్ కాదు. ముందు ఆ పాపకు ‘మగుడ’ అని సరిగా నేర్పండి.

వైట్‌ఫీల్డ్: మా అమ్మమ్మ ‘మగఁడు నుడువఁడని’ అనే చదివేది. తాతయ్య వైపు చూస్తూ.