నా ఎమో రోజుల నోటుబుక్కు మా అమ్మాయికి ఇవ్వవచ్చా?

2005 ప్రాంతంలో ఎమో సంగీతమే, అంటే మనసులోని భావాలను దాచకుండా పాడే ఒక రకం రాక్ సంగీతమే, నా లోకం. ఒక కన్నును కప్పేసే నల్లరంగు జుట్టు, కళ్ల చుట్టూ దట్టంగా కాటుక. 1980లలో అమెరికాలోని వాషింగ్టన్ డీసీలో, హార్డ్‌కోర్ పంక్ అనే వేగమైన, హోరెత్తే రాక్ నుంచి పుట్టిన ఆ సంగీతమే, లోపలి బాధను గొంతెత్తి చెప్పవచ్చని నాకు నేర్పింది. చుట్టుపక్కలవాళ్లు వేషమన్నారు, నాకది ఊపిరి.

అప్పటి కవితల నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. కొన్ని పేజీల నిండా దిగులే, పెన్ను కాగితాన్ని చీల్చేంత గట్టిగా రాశాను. ఇప్పుడు మా అమ్మాయికి 13 ఏళ్లు. గది తలుపు వేసుకుని తానూ అవే పాటలు వింటోంది.

ఇది చదివితే అమ్మకూ ఇలాగే ఉండేదని ధైర్యం వస్తుందా, దిగులు ఇంకా పెరుగుతుందా? ఆ పేజీలు చించి ఇవ్వడం నాకిష్టం లేదు, అది సగం నిజమే అవుతుంది. మీలో ఎవరైనా ఇలాంటి రాతలు పిల్లలకు చూపించారా? ముందుగా ఏమి మాట్లాడారు?