"ఆల్ స్టాఫ్స్" అని రాయొచ్చా? ఆఫీసు ఇంగ్లీషులో స్టాఫ్ వాడకం

ఎచ్చెర్ల ఆఫీసు
నమస్కారమండీ. ఎచ్చెర్ల దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తున్నాను. సర్క్యులర్లు టైపు చేసేది నేనే. మీటింగు కోసం పైనుంచి "ఆల్ స్టాఫ్స్ ఆర్ రిక్వెస్టెడ్ టు అటెండ్" అని డ్రాఫ్టు వచ్చింది. ఎస్ తీసెయ్యాలని ఒకరంటున్నారు. అందరినీ పిలుస్తున్నాం కాబట్టి ఉండాలని ఇంకొకరు. తీసేస్తే "ఆర్" ఉంచాలా, "ఈజ్" చెయ్యాలా అని మళ్లీ పేచీ. రేపు నోటీసు బోర్డులో పెట్టాలి, టెన్షన్‌గా ఉంది. మీ దగ్గర ఎలా రాస్తారో చెప్పండి.

విజయనగరం మాస్టారు
ఎస్ తీసెయ్యండి. కాలేజీలో పని చేసేవాళ్లంతా కలిపితే ఒక స్టాఫ్. అందులో ఒక్క మనిషిని స్టాఫ్ అనరు, స్టాఫ్ మెంబర్ అంటారు. మన "సిబ్బంది" కూడా గుంపు మాటే, సిబ్బందులు అని ఎవరూ అనరు. కానీ మనం "ఇద్దరు సిబ్బంది రాలేదు" అని లెక్కపెట్టేస్తాం, తెలుగులో అది చెల్లుతుంది. ఆ అలవాటుతోనే ఇంగ్లీషులో "టూ స్టాఫ్స్ ఆర్ ఆబ్సెంట్" అని వచ్చేస్తుంది. అక్కడ "టూ స్టాఫ్ మెంబర్స్" అనో "టూ మెంబర్స్ ఆఫ్ స్టాఫ్" అనో రాయాలి. మొత్తం ఎంతమందో చెప్పాలంటే "ద కాలేజ్ హాజ్ ఏ స్టాఫ్ ఆఫ్ ఫార్టీ" అంటే సరిపోతుంది.

ఇక ఈజ్, ఆర్. బ్రిటిష్ ఇంగ్లీషులో రెండూ నడుస్తాయి. అందరినీ ఒకటిగా చూస్తే ఈజ్, ఎవరికి వారుగా చూస్తే ఆర్. అమెరికా వాళ్లు ఎక్కువగా ఈజ్ అంటారు. మీ వాక్యంలో ముందు "ఆల్" ఉంది కాబట్టి "ఆల్ స్టాఫ్ ఆర్ రిక్వెస్టెడ్" అనే రాయండి. ఏది పట్టుకున్నా ఆ ఉత్తరం చివరిదాకా అదే ఉండాలి. మొదట "ద స్టాఫ్ ఈజ్" అని, తర్వాత "దెయిర్ డ్యూటీస్" అంటే చదివేవాడికి ఇబ్బంది. నా సర్వీసంతా పిల్లల చేత ఇదే దిద్దించాను.

పైడిభీమవరం క్యూఏ
మాది ఫార్మా యూనిట్. మందులు అమెరికాకి వెళ్తాయి, డాక్యుమెంట్లన్నీ వాళ్ల పద్ధతిలోనే రాస్తాం. మాకు స్టాఫ్ కంటే "పర్సొనెల్" (పని చేసేవాళ్లంతా అని) ఎక్కువ తగులుతుంది. మందుల తయారీకి అమెరికా ప్రభుత్వ రూల్సులో 21 సీఎఫ్ఆర్ 211.25 అనే సెక్షన్ పేరే "పర్సొనెల్ క్వాలిఫికేషన్స్". అదీ గుంపు మాటే, "పర్సొనెల్స్" అని రాయకూడదు. ఆ సెక్షన్లో ఒక్కొక్కరి గురించి చెప్పేటప్పుడు "ఈచ్ పర్సన్" అని ఉంటుంది. మేమూ అదే పాటిస్తాం. కొత్తగా చేరినవాళ్లు దీన్ని "పర్సనల్" అని టైపు చేస్తుంటారు. అదీ ఇంగ్లీషు మాటే కాబట్టి కంప్యూటరు ఎర్రగీత పెట్టదు. ట్రైనింగ్ రికార్డులో అలా పడితే అర్థమే మారిపోతుంది. ప్రింటు తీసే ముందు మనమే చదివి చూసుకోవడం ఒక్కటే దారి.

శ్రీకాకుళం సిస్టర్
మా వార్డులో ఇంకో రకం చిక్కు. "స్టాఫ్ నర్స్" ఒక పోస్టు పేరు. ఇద్దరుంటే "టూ స్టాఫ్ నర్సెస్", ఎస్ నర్సుకే చేరుతుంది. కానీ డ్యూటీ మారేటప్పుడు పొట్టిగా "త్రీ స్టాఫ్స్" అనేస్తారు, అదే రిజిస్టర్లోకి ఎక్కుతుంది. యూకే వెళ్లడం కోసం ఓఈటీకి, అంటే వైద్యరంగం వాళ్లకి పెట్టే ఇంగ్లీషు పరీక్షకి, చదువుతున్నాను. అక్కడి మెటీరియల్ నిండా "మెంబర్ ఆఫ్ స్టాఫ్", "స్టాఫ్ ఆర్" అనే ఉంటాయి. మాస్టారు చెప్పిన బ్రిటిష్ పద్ధతి ఇదే.

పలాస జీడిపప్పు
అందరికీ అర్థమవుతోంది కదా మాస్టారూ, ఒక ఎస్ కోసం ఇంత చర్చ ఎందుకండీ? మా దగ్గర "ఫిఫ్టీ లేబర్స్, ఫోర్ స్టాఫ్స్" అని రాస్తే బ్యాంకులో ఎవరూ అడ్డు చెప్పలేదు.

విజయనగరం మాస్టారు
బ్యాంకు ఒప్పుకోవచ్చు బాబూ. రేపు బయటి దేశం కొనుగోలుదారుకి రాస్తే? మీ ఉత్తరం ఒక్కటే ఆయనకి కనబడుతుంది, మీ సరుకు నాణ్యత కనబడదు. పైగా "లేబర్" కూడా గుంపు మాటే. "ఫిఫ్టీ వర్కర్స్ అండ్ ఫోర్ ఆఫీస్ స్టాఫ్ మెంబర్స్" అనండి. జీడిగింజలు కొట్టేవాళ్లు ఎందరో, లెక్కలు చూసేవాళ్లు ఎందరో తేలిపోతుంది.

పలాస జీడిపప్పు
ఇది బాగుందండీ. మా వ్యాపారం ప్రొఫైల్లో మారుస్తాను.

ఎచ్చెర్ల ఆఫీసు
అందరికీ థ్యాంక్సండీ. "ఆల్ స్టాఫ్ ఆర్ రిక్వెస్టెడ్ టు అటెండ్" అని పెట్టాను, ప్రిన్సిపాల్ సంతకం కూడా అయిపోయింది. ఇంకొక్క సందేహం. వచ్చే నెల పక్క కాలేజీతో కలిసి ప్రోగ్రాం ఉంది. రెండు కాలేజీల వాళ్లని కలిపి రాయాలంటే?

విజయనగరం మాస్టారు
స్టాఫ్స్ అనడానికి చోటు అక్కడుంది. రెండు వేర్వేరు సంస్థలు కాబట్టి "ద స్టాఫ్స్ ఆఫ్ బోత్ కాలేజెస్" తప్పు కాదు. చదవడానికి ఎబ్బెట్టుగా అనిపిస్తే "స్టాఫ్ మెంబర్స్ ఫ్రమ్ బోత్ కాలేజెస్" అని రాయండి, నేనైతే అదే రాస్తాను.

శ్రీకాకుళం సిస్టర్
రెజ్యూమేలో "అయామ్ ఏ స్టాఫ్ ఇన్ సో అండ్ సో హాస్పిటల్" అని మా జూనియర్లు చాలామంది రాస్తున్నారు. దాన్నెలా మార్చమనాలి?

పైడిభీమవరం క్యూఏ
"ఐ వర్క్ యాజ్ ఏ స్టాఫ్ నర్స్ ఎట్" అని హాస్పిటల్ పేరు రాయమనండి సిస్టర్. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి ముందు కావలసింది పోస్టు పేరే.