నెత్తళ్ళ పొట్టలో ప్లాస్టిక్ అంటున్నారు, తినొచ్చా మానాలా?

ఒంగోలు_అమ్మ:
వారానికోసారి కొత్తపట్నం నుంచి పచ్చి నెత్తళ్ళు తెప్పించుకుంటాం, మా ఇంట్లో తల గిల్లేసి అట్నే పులుసులో వేసేస్తాం, పొట్ట తీసే అలవాటు లేదు. ఇప్పుడు మా అమ్మాయి చిన్న చేపల పొట్టలో మైక్రోప్లాస్టిక్ ఉంటదని ఎక్కడో చదివి తినను గాక తిననంటంది. నేను ఎంత చూసినా ఒక్క ముక్కా కనపడలా. నిజంగా ఉంటదా? ఉంటే కడిగితే పోదా? వంజరానికి మారదామంటే దాని రేటు వింటేనే గుండె గుభేలంటంది.

రొయ్యలగుంట_నెల్లూరు:
కంటికి కనపడదక్కా. 5 మిల్లీమీటర్ల లోపు ముక్కలన్నిటినీ మైక్రోప్లాస్టిక్ అనే అంటారు గానీ చేపల్లో దొరికేవి చాలావరకు బాగా సన్నటి పోగులు. ల్యాబ్‌లో అయితే చేప పేగుల్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేస్తారు, మాంసం కరిగిపోద్ది ప్లాస్టిక్ మిగులుద్ది, దాన్ని వడగట్టి మైక్రోస్కోప్ కింద చూస్తారు.

నెత్తళ్ళు, కవళ్ళు నోరు తెరుచుకుని ఈదుతా నీళ్ళని మొప్పల దగ్గర దువ్వెన పళ్ళ లాంటివాటితో వడగట్టి ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సన్నటి జీవులు) తింటాయి, ఆ సైజులో ఏదొచ్చినా లోపలికే. పైగా నీళ్ళలో నానిన ప్లాస్టిక్‌కి నాచు పట్టి మేత వాసన వస్తదంట. అమెరికాలో మన నెత్తళ్ళ జాతి చేపలకి ఆ వాసన చూపిస్తే మేత కోసం వెతికినట్టే తిరిగాయని 2017లో పరిశోధన పేపరొచ్చింది.

కడిగితే పైన అంటింది పోద్దేమో, లోపలిది పోదు. ఎక్కువ భాగం పేగుల్లోనే ఉంటది కాబట్టి పొట్ట తీసేయండి, చేప మానక్కర్లేదు. వంజరానికి ఎటూ పొట్ట తీస్తాం, తేడా అంతే, అది మింగేది కూడా ఈ చిన్న చేపల్నే గదా.

పాలెం_కుర్రోడు:
మాది జువ్వలదిన్నె దగ్గర, బోటు మీద పోతా ఉంటా. మావాళ్ళ తప్పు లేదనను, మా తాతలు నూలు వలలు వాడేవాళ్ళు ఇప్పుడన్నీ నైలానే, చిరిగింది కత్తిరించి ఆ ముక్కలు ఇసకలోనే పారేస్తాం, తాడు లాగినప్పుడల్లా రాపిడికి పోగులు ఊడతానే ఉంటాయి. కానీ టౌనోళ్ళు మమ్మల్ని అనే ముందు వానొస్తే పెన్నలో, బకింగ్‌హాం కాలవలో ఏం కొట్టుకొస్తదో చూడండబ్బా. కవర్లు, గుట్కా ప్యాకెట్లు, అన్నీ ఎండకి పెళుసెక్కి పొడి అయ్యేవే. 2022 జులై నుంచి దేశమంతా ప్లాస్టిక్ స్ట్రాలు, గ్లాసులు బ్యాన్ అన్నారు, బీచ్‌లో ఆదివారం సాయంత్రం చూడండి ఆ బ్యాన్ ఏపాటిదో.

చీరాల_చిన్నోడు:
మరి ఎండు నెత్తళ్ళ సంగతేంది సామీ, మాకు అవి లేకపోతే ముద్ద దిగదు.

రొయ్యలగుంట_నెల్లూరు:
@చీరాల_చిన్నోడు అవి పొట్టతో సహా ఎండినవే కదన్నా, కాబట్టి వేణ్ణీళ్ళలో నానబెట్టి పొట్ట గిల్లి వండుకోవాల. అయినా చేప ఒక్కదాన్నే అని ఏం లాభం, 2018లో ఐఐటీ బొంబాయి వాళ్ళు చూస్తే మన దేశపు సముద్రపు ఉప్పులో కూడా దొరికింది, ఉప్పు పండించే ముందు సముద్రపు నీళ్ళని ఇసకతో వడగడితే చాలావరకు ఆగుద్దని కూడా వాళ్ళే చెప్పారు. కనుపర్తి ఉప్పు కొఠార్లకి పారేది ఈ సముద్రమే మరి.

కావలి_పిన్ని:
పొట్ట తీయడం పెద్ద పనేం కాదమ్మాయ్, తలని మొప్పల కింద పట్టుకుని పొట్టవైపుకి లాగుతా గిల్లితే పేగు కూడా తలతో పాటే వచ్చేస్తది, కత్తి కూడా అక్కర్లా. చేప మెత్తబడితే మాత్రం లోపలే తెగిపోద్ది, అందుకే తెచ్చిన వెంటనే కూర్చోవాల.