సమస్యాపూరణం: ప్రతిని దిద్దగ మూలము పాడువడియె

నిర్వాహకులు: ఈ వారం సమస్య తేటగీతి పాదం. నకలును దిద్దితే అసలు ఎలా చెడుతుంది? ప్రోగ్రామింగులో డేటాకు రూపమిచ్చేందుకు క్లాసా (ఆచూకీని పంచేది), స్ట్రక్టా (విలువనే నకలు చేసేది) అన్న ఎంపికే ఇతివృత్తం. యతీ తప్పకూడదు, కోడూ తప్పకూడదు.

కోడుకవి:
విలువ నిచ్చితి ననుకొంటి వేరొకనికి
నతని చేతికి జేరిన దడ్రసొకటె
చెరిపి తనదని యాతడు చేర్చె నొకటి
ప్రతిని దిద్దగ మూలము పాడువడియె

సీ షార్పు (C#) అనే ప్రోగ్రామింగు భాషలో క్లాసు తీరు ఇదే. ఒక చరరాశిని మరొకదానికి ఇస్తే వస్తువు రెండు కాదు, దాని ఆచూకీ రెండు చోట్ల ఉంటుంది.

నిర్వాహకులు: యతులన్నీ కుదిరాయి. 'తనదని' అన్న మాట పద్యానికి ప్రాణం. అయితే ఇది అందరికీ తట్టే దారి. స్ట్రక్టు వాడితే చిక్కు తీరుతుందా?

అక్షరమాలిక: తీరదండీ.
స్ట్రక్టు జేసితి లోపలి సరుకు మాత్ర
మరయ నుమ్మడి పట్టికై యచటె నిలిచె
పైన రెండుగ దోచిన ఫలితమేమి
ప్రతిని దిద్దగ మూలము పాడువడియె

సీ షార్పు స్ట్రక్టులో అర్రే (విలువల వరుస పట్టిక) ఉంటే నకలయ్యేది దాని రెఫరెన్సే, అంటే ఆచూకీయే. స్విఫ్ట్ భాషలో అర్రే కూడా స్ట్రక్టే కనుక అక్కడ ఈ పద్యం చెల్లదు.

నిర్వాహకులు: 'అరయ' గణం కోసం వచ్చింది. భావం గట్టిది.

పాతకాపు:
బ్యాంకు ఖాతాను విలువగా బట్టుకొనగ
జమయు చేరెను నకలులో సరియె గాని
యసలు ఖాతాకు నంకెయే యంటదాయె
ప్రతిని దిద్దగ మూలము పాడువడియె

ఖాతాను స్ట్రక్టుగా రాశారనుకోండి. లిస్టులోంచి ఒక ఖాతాను చరరాశిలోకి తీసి, 5,000 జమచేసి, తిరిగి లిస్టులో పెట్టడం మరిచితే అక్కడి నిల్వ పాతదే. లిస్టులోనే నేరుగా దిద్దబోతే కోడును యంత్రానికి అనువదించే సీ షార్పు కంపైలరు ఒప్పుకోదు. చరరాశిలోకి తీసుకున్నాక మాత్రం నోరెత్తదు.

నిర్వాహకులు: భేష్! మిగతావారు రెఫరెన్సు వల్ల వచ్చే కీడు చెబితే, మీరు విలువను ఎంచుకున్నందువల్ల వచ్చే కీడు చెప్పారు. జ–స యతి చెల్లుతుంది. రెండో పాదం చివర కాస్త పలుచన, అంతే. నిల్వ మారినా ఖాతా అదే ఖాతా. అలా గుర్తింపు ఉన్నదానికి క్లాసే తగును. తేదీ, డబ్బు మొత్తం, గ్రాఫు మీది బిందువు వంటివి విలువ సమానమైతే చాలు, ఒకటే. వాటికి స్ట్రక్టు. మైక్రోసాఫ్టు మార్గదర్శకాలు స్ట్రక్టు 16 బైట్ల లోపు ఉండాలనీ, సృష్టించాక మారకూడదనీ చెబుతాయి. నాకు రెండో షరతే ముఖ్యం. అది పాటిస్తే పాతకాపు గారి ఖాతాను స్ట్రక్టుగా రాయాలన్న ఆలోచనే రాదు.

కోడుకవి: మరి జావా భాషలో?

పాతకాపు: అక్కడ మనం రాసే క్లాసులన్నీ రెఫరెన్సులే. 2021లో జావా 16తో స్థిరపడిన రికార్డులో (డేటాను పట్టి ఉంచేందుకే ఉన్న ఒక రకం క్లాసులో) గడులు మారవు, కానీ అదీ రెఫరెన్సే. రికార్డు లోపల లిస్టు పెడితే అక్షరమాలిక గారి పద్యం మళ్లీ వర్తిస్తుంది.

అక్షరమాలిక: అయితే 'స్ట్రక్టు' బదులు 'రికార్డు' పెట్టి మొదటి పాదం తిరగరాస్తాను. యతికి రేపటిదాకా సమయం ఇవ్వండి.