సస్పెన్షన్‌లో విల్సన్ అదనంగా బయట కూర్చున్న ఆ 2 మ్యాచ్‌ల లెక్క ఏమిటి?

ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్) రూల్స్ తెలిసినవాళ్లు చెప్పండి. 2018 ప్రీసీజన్‌లో సెయింట్ లూయిస్ ఆటగాడు సండ్‌క్విస్ట్‌ను తలకు తగిలేలా గుద్దినందుకు వాషింగ్టన్ ఆటగాడు టామ్ విల్సన్‌ను 20 మ్యాచ్‌లు సస్పెండ్ చేశారు. అప్పీలు చేస్తే లీగ్ కమిషనర్ బెట్‌మన్ ఒప్పుకోలేదు. నవంబర్‌లో తటస్థ మధ్యవర్తి దాన్ని 14కు తగ్గించాడు. అప్పటికే విల్సన్ 16 మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు, అంటే 2 ఎక్కువ! తగ్గించిన 6 మ్యాచ్‌ల జీతం వెనక్కి వచ్చింది, అది సరే.

తలపై దెబ్బల గురించిన 48వ రూల్ చదివాను. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందంలో ఇలాంటి శిక్షల గురించిన 18వ ఆర్టికల్ రెండుసార్లు తిరగేశాను. లీగ్‌లో ఈ శిక్షలు వేసే ప్లేయర్ సేఫ్టీ విభాగం వీడియోలో ఆ గుద్దు ఎందుకు తప్పో బాగానే చెప్పారు (నాకైతే 20 కూడా ఎక్కువ అనిపించలేదు), కానీ నా డౌట్ మాత్రం తీరలేదు.

అలా ఎక్కువగా పోయిన 2 మ్యాచ్‌లను, ఆటగాడు మళ్లీ సస్పెండ్ అయినప్పుడు ఆ శిక్షలోంచి తీసేస్తారా, లేక అవి పోయినట్టేనా?