ఫ్లైట్ సిమ్యులేటర్ 2024: ముందు మార్చాల్సింది గ్రాఫిక్స్ కార్డా, ప్రాసెసరా?

కోస్తా_పైలట్ (ప్రశ్న)

నమస్కారం. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 కోసం నా కంప్యూటరులో కొన్ని భాగాలు మార్చాలనుకుంటున్నాను. ప్రస్తుతం రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 6 జీబీ జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) ఉన్నాయి. మానిటర్ 1080పీ. సెస్నా 172లో పల్లెల మీదుగా తిరుగుతున్నంతసేపు ఇబ్బంది లేదు. ఎ320లో హీత్రూ వంటి పెద్ద విమానాశ్రయానికి వెళ్లినప్పుడు మాత్రం, సరిగ్గా రన్‌వే దగ్గరపడే వేళకు సెకనుకు వచ్చే ఫ్రేములు ఇరవైకి పడిపోయి తెర ఆగి ఆగి కదులుతోంది. 60,000 రూపాయలకు మించి పెట్టలేను. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ దుకాణాల్లో అడిగితే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి మారిస్తే చాలన్నారు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

రన్‌వే_27ఎడమ

డబ్బు పెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. సెట్టింగులలో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, పైన వచ్చే మెనూలో ఫ్రేమ్ రేటు చూపే పెట్టెను తెరవండి. ఆటను ఆ క్షణంలో వెనక్కి లాగుతున్నది మెయిన్ థ్రెడ్డా (ప్రాసెసర్ మీద నడిచే ప్రధాన పనుల వరుస), జీపీయూనా (గ్రాఫిక్స్ కార్డు) అన్నది అందులోనే కనిపిస్తుంది. తరువాత అదే హీత్రూలో, అదే ఎ320లో కూర్చుని, రెండర్ స్కేలును (బొమ్మ గీసే రిజల్యూషన్ శాతం) 100 నుంచి 50కి తగ్గించి చూడండి. బొమ్మ మసకబారినా ఫ్రేములు పెరగకపోతే, ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు తెచ్చి పెట్టినా ఆ చోట ప్రయోజనం ఉండదు.

కోస్తా_పైలట్

చూశానండీ. హీత్రూలో మెయిన్ థ్రెడ్ అనే వస్తోంది, స్కేలు సగానికి తగ్గించినా ఒకటి రెండు ఫ్రేములకు మించి తేడా లేదు. ఊళ్లు దాటి పైకి వెళ్లాక జీపీయూ అని మారుతోంది.

రన్‌వే_27ఎడమ

అయితే మీకు ముందుగా కావలసింది ప్రాసెసరే. విమాన వ్యవస్థల లెక్కలు, నేల మీది వస్తువులు, ఇతర విమానాల రాకపోకలు వంటి పనుల్లో పెద్ద భాగం ఒకే థ్రెడ్ మీద పడుతుంది కనుక, కోర్ల సంఖ్య పెంచినంత మాత్రాన వేగం రాదు. ఈ ఆటకు బాగా కలిసివచ్చేది ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ. మీ 3600లో అది 32 ఎంబీ. రైజెన్ 7 5700ఎక్స్3డీలో 96 ఎంబీ. పైగా అది మీ ఏఎం4 (ప్రాసెసర్ సాకెట్ రకం) బోర్డులోనే కూర్చుంటుంది. పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయోస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోండి, తీసేశాక చేయడం తలనొప్పి. ఈలోగా సెట్టింగులలో టెర్రయిన్ లెవెల్ ఆఫ్ డిటెయిల్‌ను (నేల వివరాల స్థాయి), ఏఐ ట్రాఫిక్‌ను (ఆటే నడిపే ఇతర విమానాలు) తగ్గిస్తే ఖర్చు లేకుండానే కొంత ఊరట దొరుకుతుంది.

సిలికాన్_శాస్త్రి

నా అభిప్రాయం వేరు. ఏఎం4 అనేది కాలం చెల్లిన వేదిక. కొంచెం ఆగి దాని తరువాతి ఏఎం5 బోర్డు, రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్ తీసుకుంటే మరికొన్నేళ్లు చూసుకోనక్కరలేదు.

రన్‌వే_27ఎడమ

60,000లో బోర్డు, డీడీఆర్5 ర్యామ్, ప్రాసెసర్ కొన్నాక గ్రాఫిక్స్ కార్డుకు మిగిలేది ఏమీ ఉండదు కదండీ. 5700ఎక్స్3డీ కొత్తది వారంటీతో దొరక్కపోతే అప్పుడు మీ మాటే సరి.

అర్ధరాత్రి_అసెంబ్లర్

ర్యామ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ ఆటకు సిఫారసు చేసినది 32 జీబీ. 16 జీబీ కనీస అర్హత మాత్రమే. ప్రాసెసర్‌తో పాటే అదీ పెంచండి.

కూలర్ విప్పేటప్పుడు తొందరపడకండి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసిన పేస్టు ఎండిపోయి ఉంటే, కూలర్‌ను నిట్టనిలువునా లాగగానే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి, దాని అడుగున అంటుకుని వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు ఆట నడిపి ప్రాసెసర్ వేడెక్కాక కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. 3600తో వచ్చిన చిన్న కూలర్ 105 వాట్ల ప్రాసెసర్‌కు చాలదు, అందునా మన ఎండాకాలంలో. 5700ఎక్స్3డీ పెట్టెలో కూలర్ రాదు కాబట్టి ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

కోస్తా_పైలట్

ధన్యవాదాలు. ప్రాసెసర్, ర్యామ్, కూలర్ ఇప్పుడే తీసుకుంటాను. కొన్ని నెలల తరువాత ఆర్‌టీఎక్స్ 5060 టీఐ గ్రాఫిక్స్ కార్డు తీసుకుంటే ఈ బోర్డుకు సరిపడుతుందా?

అర్ధరాత్రి_అసెంబ్లర్

సరిపడుతుంది, కానీ 16 జీబీ రకమే తీసుకోండి. 8 జీబీ, 16 జీబీ రెండూ ఒకే పేరుతో అమ్ముతారు కనుక పెట్టె మీద అంకె చూసి మరీ డబ్బు కట్టండి. కార్డుకూ బోర్డుకూ మధ్య దారి అయిన పీసీఐఈలో ఆ కార్డు ఎనిమిది లేన్లే వాడుతుంది, మీ బోర్డులో ఉన్నది పాత తరం పీసీఐఈ 3.0. కార్డు మెమరీ నిండిపోయి ర్యామ్ వైపు పరుగెత్తాల్సి వస్తే ఆ ఇరుకుదారిలో ఆట తడబడుతుంది, 8 జీబీ రకంలో ఆ అవకాశం ఎక్కువ. ఆ కార్డుకు ఎన్విడియా సూచించినది 600 వాట్లు, కాబట్టి అప్పుడు 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కూడా కలిపి కొనండి.