అణు విద్యుత్తును స్వచ్ఛమైనదని ఏ లెక్కన అంటున్నారు?

ప్రశ్న: థర్మల్ ఊరి వాసి

ఒక థర్మల్ విద్యుత్ కేంద్రానికి దగ్గరలోని ఊరు మాది. ఎండాకాలపు గాలులకు బూడిద చెరువు నుంచి లేచే దుమ్ము డాబాల మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంటే చూస్తూ పెరిగాను కాబట్టి, బొగ్గుకు ప్రత్యామ్నాయం కావాలనడంలో నాకు సందేహం లేదు. అయితే అణు విద్యుత్తును సమర్థించేవారు చాలామంది రియాక్టరు నుంచి పొగ రాదన్న ఒక్క మాటతో ఆగిపోతున్నారు. యురేనియం తవ్వడానికి, శుద్ధి చేయడానికి, అంత కాంక్రీటుతో కేంద్రాన్ని కట్టడానికి వెలువడే వాయువులను కలిపి చూసినా ఆ మాట నిలుస్తుందా? సౌర విద్యుత్తు ఇంత చౌకైన తరువాత కూడా దీని అవసరం ఉందా? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

జవాబు: భౌతికశాస్త్ర అధ్యాపకురాలు

నమస్కారమండీ. గని తవ్వకం మొదలుకొని కేంద్రాన్ని కూల్చివేసే వరకు అన్నీ కలిపి వేసిన లెక్కలు ఉన్నాయి. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2014 నివేదికలోని మధ్యస్థ విలువల ప్రకారం, ఒక యూనిట్ విద్యుత్తుకు కార్బన్ డయాక్సైడ్ లెక్కన బొగ్గు 820 గ్రాములు, సహజవాయువు 490, పెద్ద సౌర కేంద్రాలు 48, అణు కేంద్రాలు 12 గ్రాముల ఉద్గారాలకు కారణమవుతాయి.

ఇంత తేడా రావడానికి మూలం ఇంధనం పరిమాణంలో ఉంది. మన భారజల రియాక్టర్ల (మామూలు నీటికి బదులు భారమైన హైడ్రోజన్ ఉన్న నీటిని వాడేవి) కోసం హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారుచేసే ఇంధన బండిల్, అంటే ఇంధన కడ్డీల కట్ట, అరమీటరు పొడవుంటుంది. 220 మెగావాట్ల రియాక్టరులో వాడే బండిల్‌లో దాదాపు 15 కిలోల సహజ యురేనియం ఆక్సైడ్ ఉంటుంది. దాని నుంచి సుమారు 6 లక్షల యూనిట్ల విద్యుత్తు వస్తుంది. అంతే విద్యుత్తును బొగ్గుతో తీయాలంటే దాదాపు 400 టన్నులు, అంటే గూడ్సు రైలులో ఆరేడు వ్యాగన్ల బొగ్గు కాల్చాలి. మన బొగ్గులో మూడో వంతు బూడిదే కాబట్టి, వంద టన్నులకు పైగా బూడిద మిగులుతుంది; అందులో కొంత మీ ఊరి చెరువు వంటి దానిలోకి చేరుతుంది.

జవాబు: గ్రిడ్‌లో పనిచేసి రిటైరైనవాడిని

మీ రెండో ప్రశ్నకు నా అనుభవం నుంచి చెబుతాను. మధ్యాహ్నం సౌర విద్యుత్తుతో ధరలో ఏదీ పోటీపడలేదు, అందులో వాదం లేదు. కానీ పొద్దు వాలాక ఇళ్లలో వాడకం పెరిగే వేళకే సౌర ఉత్పత్తి పడిపోతుంది. ఆ భారాన్నీ, రాత్రంతా ఉండే కనీస భారాన్నీ ఇప్పటికీ ప్రధానంగా మోస్తున్నది బొగ్గే. బొగ్గు వదలబోయే ఆ చోటే అణు విద్యుత్తుకు తగినది.

కర్ణాటకలోని కైగా అణు కేంద్రపు మొదటి రియాక్టరు 2016 మే నుంచి 2018 డిసెంబరు 31 వరకు 962 రోజులు ఆగకుండా నడిచి, అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. భారజల రియాక్టరును ఆపకుండానే ఇంధనం మార్చగలగడం వల్లనే అది సాధ్యమైంది. అణు కేంద్రాల నిర్మాణానికి పట్టే కాలం, పెట్టుబడి మాత్రం పెద్ద అడ్డంకులే. వాటిని దాచిపెట్టి వాదించకూడదు.

జవాబు: కడప జిల్లా నుంచి

ఆ 12 గ్రాముల లెక్కలో గని పక్కన మిగిలేది కనబడదండీ. మా జిల్లాలోని తుమ్మలపల్లె యురేనియం గని ఖనిజంలో యురేనియం 0.1 శాతం కూడా ఉండదు. అంటే తవ్వితీసిన రాయి దాదాపు అంతా, అందులోని రేడియోధార్మిక రేడియంతో సహా, వ్యర్థాల చెరువుకు చేరుతుంది. దాని అడుగున పొర సరిగా లేకపోతే భూగర్భ జలాలకు ముప్పు వస్తుంది.

జవాబు: భౌతికశాస్త్ర అధ్యాపకురాలు

మీరు చెప్పినది నిజం, నేను ముందే చెప్పవలసింది. ఆ అంకె గాలిలోకి వెళ్లే వాయువులకు మాత్రమే వర్తిస్తుంది. వాడిన ఇంధనం తక్కువ పరిమాణంలో, లెక్కకు అందేలా ఉంటుంది. మన దేశంలో దాన్ని పునఃశుద్ధి చేసి (మళ్లీ వాడగల పదార్థాలను వేరుచేసి), మిగిలిన తీవ్ర వ్యర్థాన్ని గాజులో కలిపి గట్టిపరుస్తారు. గని వ్యర్థాల పరిమాణం మాత్రం చాలా పెద్దది. కాబట్టి చుట్టుపక్కల బావుల నీటి పరీక్షల ఫలితాలను క్రమం తప్పకుండా ఊరివారికి అందజేయాలని, అణు విద్యుత్తును సమర్థించే మావంటివారే ముందుగా అడగాలి.